బెంచీ మీద తువ్వాలు

ఆ రోజు ఆసుపత్రికి యమున కంటే నిచ్చెనే ముందొచ్చింది.

నరసన్నపేటలో హైవే పక్కన ఒక ట్రస్టు నడిపే కంటి ఆసుపత్రి అది. హాల్లో అడుగుపెడితే ఎదురు గోడకి పెద్ద టీవీ, అందులో ఎవరి తర్వాత ఎవరు డాక్టరు దగ్గరికి వెళ్ళాలో పేర్ల వరస కనిపిస్తుంది. ఆ వరసను నడిపించే ప్రోగ్రాం యమునది. ఇవాళ టీవీ కింద గోడకి ఆనించి ఒక అల్యూమినియం నిచ్చెన ఉంది, దాని పక్కనే స్టూలు మీద టీ తాగుతూ ఎలక్ట్రీషియన్ ఈశ్వర్ ఉన్నాడు.

“ఏటి ఈశ్వర్, ట్యూబులైటు పోయిందేటి?” అంది యమున.

“లైటు కాదు మేడమ్, మీ టీవీయే. ఈయేళ కూడా బిగిసిపోనాదంటే సాయంత్రం దింపీమన్నారు విక్టర్ సారు,” అన్నాడతను, ఏ మొహమాటమూ లేకుండా.

యమునకి ఒళ్ళు మండింది. మనిషి పోకముందే పాడె కట్టి వాకిట్లో పెట్టినట్టుంది వ్యవహారం.

ఆమెది విజయనగరం. కోటకి దగ్గర్లో ఒక మిఠాయి కొట్టు పైగదిలో, కాలేజీలో తనతో చదివిన గిరిబాబుతో కలిసి సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతోంది. కంపెనీ అంటే ఆ ఇద్దరే. మాటలు గిరిబాబువి, పని యమునది. ఇన్నాళ్ళూ కొట్ల బిల్లులూ స్కూలు హాజర్లూ చూసే ప్రోగ్రాములు రాసింది గాని, పల్లెల నుంచి వచ్చిన జనం తలెత్తి చూసేది రాయడం ఇదే మొదలు. అందులో ప్రతి అక్షరమూ తనదే. ఆర్నెల్ల పాటు దాన్ని చూసుకుని మురిసిపోయింది కూడా. అబద్ధం చెప్పడమెందుకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి సైతం చెప్పుకుంది. ఇప్పుడు దాన్ని గోడ మీంచి దింపుతారంటే ప్రాణం చివుక్కుమనదూ?

జబ్బు మాత్రం నిజమే. కిందటి నెల నుంచి ప్రోగ్రాం పొద్దున్న హుషారుగా మొదలవుతోంది, మధ్యాహ్నానికి నీరసిస్తోంది, ఆ తర్వాత కాసేపటికి కొయ్యబారిపోతోంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే లేచి కూర్చుంటుంది గాని, హాల్లో అప్పటిదాకా ఉన్న వరస మొత్తం పోతుంది. ఇంకో చోటయితే మళ్ళీ లైన్లో నిలబడండి బాబూ అనేయొచ్చు. ఇక్కడ కూర్చున్నవాళ్ళ కళ్ళల్లో చుక్కల మందు వేసి ఉంటుంది. కంటిపాప విచ్చుకున్నాక డాక్టరు చూడాలి. ఆలస్యమైతే మళ్ళీ చుక్కలు వేయాలి, మళ్ళీ కూర్చోవాలి. ఆ లోపల చివరి బస్సు వెళ్ళిపోతుంది, చూపేమో మసకమసగ్గా ఉంటుంది.

మేనేజరు విక్టర్ తన గదిలోంచి వచ్చాడు. మెత్తటి మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే గొంతు ఆయనది, కోపంగా మాట్లాడాలన్నా ఆ గొంతు సహకరించదు.

“యమునగారూ, మీ మీద నాకు కోపం లేదు. కాని ముసలోళ్ళు గోడలు తడుముకుంటా పోతన్నారు. చూళ్ళేకపోతన్నాను. టీవీ లేనప్పుడు మా షాలిని గట్టిగా పేర్లు పిలిచేది. అదే నయమనిపిస్తంది.”

“సాయంత్రం దాకా ఉంది కదండీ. సరిపోతుంది,” అంది యమున. బింకానికి అన్న మాట కాదది. జబ్బెక్కడుందో ఇంకా తెలియదు గాని, జబ్బుని ఎలా వెతకాలో ఆమెకి బాగా తెలుసు.

కౌంటరు పక్కన ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటుండగానే గిరిబాబు ఫోను చేశాడు. “అంత శ్రమెందుకే? అన్నాల టైములో దానంతటదే ఆగి లేచేలా పెట్టీ. లేదంటే ఇంకాస్త మెమరీ కొని తగిలించు.”

“వరస పోతాది రా. మెమరీ పెంచితే మధ్యాహ్నం బిగిసేది సాయంత్రం బిగుస్తాది. అది వైద్యమేటి?” అని పెట్టేసింది.

విక్టర్ అక్కడే నిలబడి ఉన్నాడు. “అసలు ఏమవుతుందమ్మా దానికి?” అని అడిగాడు. యమున చుట్టూ చూసింది. లక్ష్ముడు చీపురు పట్టుకుని బెంచీల కింద కాగితం కప్పులు ఊడుస్తున్నాడు.

“మీ హాల్లో లక్ష్ముడున్నట్టే ప్రోగ్రాం లోపల కూడా ఊడ్చే మనిషి ఒకడుంటాడండీ. పనైపోయిన సరుకుని నేను ఎత్తి పారేయక్కర్లేదు, వాడే ఊడ్చేస్తాడు. కాని వాడికి ఒకటే నియమం. ఎవరో ఒకరు పట్టుకుని ఉన్న వస్తువు జోలికి వెళ్ళడు. అది పనికిమాలిందైనా సరే. ఇప్పుడు లోపల ఎవరో అక్కర్లేనివి పట్టుకుని వదలడం లేదు. గది నిండిపోతోంది.”

దీన్ని లీకు అంటారు. పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఇందులో కారిపోయేదేమీ లేదు. పోవాల్సింది పోకుండా కూర్చోవడమే ఇక్కడ రోగం. కాబట్టి వెతికేవాళ్ళు అడగాల్సింది ఎక్కడ కారుతోందని కాదు, ఎవరు పట్టుకున్నారని. ఈ ముక్క తెలియక ఎంతమంది రోజుల తరబడి జుట్టు పీక్కుంటారో లెక్కలేదు.

యమున ముందుగా లోపలి మెమరీని ఉన్నదున్నట్టు ఒక ఫోటో తీసి దాచింది. మధ్యాహ్నం మరొకటి తీసి పక్కపక్కన పెడితే ఏది పెరిగిందో అదే చెబుతుంది. ఈలోగా చేసేదేమీ లేదు. టీ తాగొద్దామని లేచి, సంచీ ఎక్కడ పెట్టాలా అని చూస్తే బెంచీ చివర కాస్త చోటు కనబడింది.

“ఎట్టీ, నాను సూస్తాను,” అంది పక్కనున్న ముసలావిడ. నౌపడ నుంచి వచ్చిన లక్ష్మీనరసమ్మ ఆవిడ. ఎండకి నల్లబడి ముడతలు పడ్డ మొహం, ఒళ్ళో మడత పెట్టిన ఎర్రటి తువ్వాలు. “గుంటా, ఆ టీవీ నీదేనట కదేటి?”

“నాదే మామ్మా.”

“ఇంతకు ముందు రెండుపాల్లొచ్చినాను. రెండుపాల్లూ కళ్ళల్లో మందేసి కూకోబెట్టీసినారు, నీ టీవీ బిగిసిపోనాది. ఇంటికెలగెల్లినానో ఆ బగమంతుడికే ఎరుక. ఈపాలి కూడా అలగే అయితే ఇంక రానమ్మా. ఉప్పుమడుల్లో పనిసేసినదాన్ని. తెల్లగా అగుపడిందల్లా ఉప్పేననుకోని బతికీస్తాను.”

ఆవిడ తిట్టి ఉంటే యమున ఓర్చుకునేది. ఇలా అనేసరికి గుండె కలుక్కుమంది.

“ఈపాలి నిన్ను డాక్టరు చూస్తారు మామ్మా. నాది పూచీ,” అంది.

మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటర్ ఆయాసపడడం మొదలుపెట్టింది. మెమరీ గీత తెర మీద కొండలా ఎక్కుతోంది. లోపలి ఊడ్చేవాడు వచ్చినప్పుడల్లా కాస్త దిగుతోంది గాని, దిగినప్పుడల్లా ఇంతకు ముందు కంటే పైనే ఆగుతోంది. యమున రెండో ఫోటో తీసి మొదటిదాని పక్కన పెట్టింది.

పెరిగినవి కంటి బొమ్మలు. కిందటి నెలలోనే ఆసుపత్రికి కొత్త కెమెరా వచ్చింది. కంటి వెనక పొరని అది తీసే ఫోటోలు పెద్దపెద్దవి. రోగి పేరుతో పాటు అవీ డాక్టరు తెర మీదికి వెళ్తాయి. జబ్బు కిందటి నెల నుంచే ఎందుకు మొదలైందో తెలిసిపోయింది.

“అయితే తప్పు కెమెరాదే!” అన్నాడు విక్టర్, ప్రాణం లేచొచ్చినట్టు.

“కెమెరాని అనకండి. సరుకు దానిదే గాని పట్టుకున్న చెయ్యి దానిది కాదు,” అంది యమున.

ఒక బొమ్మని ఎంచుకుని, దీన్ని ఎవరు పట్టుకున్నారని ల్యాప్‌టాప్‌ని అడిగింది. ఒక రోగి వివరం అని వచ్చింది. ఆ రోగి వివరాన్ని ఎవరు పట్టుకున్నారు? ‘ఉంచు’ పట్టీ. ఇంకో బొమ్మని అడిగింది. మళ్ళీ ‘ఉంచు’ పట్టీయే. దొంగ ఇంట్లోవాడేనని తేలాక కలిగే చిరాకు లాంటిది కలిగింది ఆమెకి. ఆ పట్టీ ఆమె స్వయంగా, ముచ్చటపడి పెట్టింది.

ప్రోగ్రాం రాసేటప్పుడు షాలిని ఒకటి అడిగింది. కౌంటరులో కూర్చునే నర్సు ఆ అమ్మాయి. “అక్కా, ఇక్కడ జనం ఒకచోట కుదురుగా కూకోరు. టీకనీ దానికనీ బయటికెల్తారు. ఆల వంతు పోకూడదు,” అంది. సరేనని యమున రెండు మీటలు పెట్టింది. మనిషి బయటికి వెళ్తే ‘ఉంచు’ నొక్కాలి. తిరిగొచ్చాక ‘పిలువు’ నొక్కితే ఆ పేరు పట్టీలోంచి మళ్ళీ వరసలోకి వస్తుంది. విజయనగరం గదిలో ఎన్నో మార్లు నొక్కి చూసింది. ఒక్కసారీ తేడా రాలేదు.

ఇప్పుడు ఆ పట్టీలో పొద్దున్నుంచి బయటికెళ్ళిన వాళ్ళంతా ఉన్నారు. వాళ్ళలో చాలామందిని డాక్టరు చూసేసి ‘అయిపోయింది’ అని కూడా నొక్కేశారు. డాక్టరు చూసేసినవాళ్ళని తెర మీద చూపించొద్దని యమునే రాసింది కాబట్టి షాలినికి పట్టీ దాదాపు ఖాళీగానే కనిపిస్తోంది. లోపల మాత్రం అందరూ తమతమ పెద్దపెద్ద కంటి బొమ్మలతో సహా బైఠాయించి ఉన్నారు. వాళ్ళు ఇళ్ళకి చేరి అన్నాలు తిని పడుకుని కూడా ఉంటారు.

“షాలినీ, తిరిగొచ్చినవాళ్ళకి ‘పిలువు’ నొక్కట్లేదా నువ్వు?”

షాలిని కళ్ళు పెద్దవి చేసింది. “నొక్కే పనెక్కడుందక్కా? బయటికెల్లడం సూసి ‘ఉంచు’ నొక్కుతాను గాని, తిరిగొచ్చినోళ్ళు ఎవురూ నా కాడికి రారు కదా.”

రాకుండా లోపలికెలా వెళ్తారు? యమున లేచి హాల్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. ఇలాంటప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నదానికంటే జనం ముందు నిలబడితేనే పని జరుగుతుందని ఆమెకి అనిపించింది.

చేతిలో బీడీ కట్టతో ఒకాయన వీధిలోంచి వచ్చాడు. బెంచీ మీద తను వేసి వెళ్ళిన తువ్వాలు తీసి, ఆ చోట్లో కూర్చున్నాడు. పక్కాయన, “ఎక్కడికెల్లిపోనావు బావా? నెగు, నీదే వొంతు. బేగెల్లు,” అన్నాడు. బీడీ కట్ట జేబులో పెట్టుకుని ఆయన తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళిపోయాడు. కౌంటరు వైపు ఎవరూ చూడలేదు. అవతలి బెంచీ మీద ఒక టిఫిను డబ్బా కూర్చుని ఉంది. దాని పక్కన ఒక గొడుగు, ఆ పక్కన ఒంటి చెప్పు. వాటి వంతు రాగానే పక్కవాళ్ళు వీధిలోకి కేకేస్తున్నారు, మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. డాక్టరూ తలుపు తోసుకుని వచ్చినవాళ్ళని చూసి, తన తెర మీద ‘అయిపోయింది’ నొక్కేస్తున్నాడు. వెనక్కి పిలిచే పని మొత్తం బెంచీయే చేసుకుంటోంది.

లక్ష్ముడు చీపురుతో వచ్చాడు. మూలనున్న బెంచీ మీద ఒక నీలం గళ్ళ తువ్వాలు పొద్దున్నుంచీ అలాగే ఉంది. దాని మనిషిని డాక్టరు ఎప్పుడో చూసేశారు, అతను దాన్ని మరిచిపోయి బస్సెక్కేశాడు. లక్ష్ముడు దాని చుట్టూ శుభ్రంగా ఊడ్చి, దాన్ని వేలితోనైనా ముట్టుకోకుండా ముందుకి వెళ్ళిపోయాడు. దాని పక్కన ముగ్గురు నిలబడే ఉన్నారు గాని, ఒక్కరూ అక్కడ కూర్చోలేదు.

యమున గట్టిగా నవ్వేసింది. హాల్లో నలుగురూ తలలు తిప్పి చూశారు. ఆమె ఈ జిల్లాల్లోనే పుట్టి పెరిగింది. బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టడం నడక వచ్చినప్పటి నుంచే వచ్చు. ఇవాళ పొద్దున్న కూడా సంచీ బెంచీ మీద పెట్టి టీకి పోయింది, తిరిగొచ్చాక షాలినికి చెప్పిందా? లేదు. అలాంటిది, ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం జనమంతా తిరిగొచ్చి కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని ‘వచ్చామండీ’ అంటారనుకుంది!

మందు చిన్నదే. డాక్టరు ‘అయిపోయింది’ అని నొక్కిన క్షణాన ఆ మనిషి పేరు వరసలోంచే కాదు, ‘ఉంచు’ పట్టీలోంచి కూడా పోవాలి. ఎవరు పిలిచినా, పిలవకపోయినా. యమున చకచకా నాలుగు ముక్కలు రాసి, తన ల్యాప్‌టాప్‌లో నడిపి చూసింది. లోపలి ఊడ్చేవాడు వచ్చాడు, బొమ్మలన్నీ పోయాయి.

“దొరికిందా?” అన్నాడు విక్టర్.

“దొరికింది.” ఏం జరిగిందో చెప్పింది.

“అయితే ఈ తువ్వాళ్ళ గోల మానిపించేస్తాను. రేపే బోర్డు రాయిస్తాను,” అన్నాడాయన.

“వద్దండీ. వాళ్ళ పద్ధతి బానే ఉంది. నా ప్రోగ్రామే దాన్ని నేర్చుకోలేదు. ఇప్పుడు నేర్చుకుంటుంది.”

అంతా బాగుంది గాని ఒక చిక్కు మిగిలింది. మందు ఎక్కించాలంటే ప్రోగ్రాంని ఒక్కసారి ఆపి మళ్ళీ వేయాలి. ఆపితే వరస పోతుంది. వరసని డిస్కులో దాచే పని ఆమె ఇంకా రాయలేదు, అది వచ్చే వారం పనుల్లో ఉంది. ఆపకుండా ఊరుకుంటే ఆ కంప్యూటర్ ఇంకెంతోసేపు నిలబడదు. గీత కప్పుకి తగలబోతోంది. హాలు నిండా జనం, అందరి కళ్ళల్లో మందు. విక్టర్ మొహం పాలిపోయింది. స్టూలు మీద ఈశ్వర్ స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు.

యమున హాలు వైపు చూసింది. తువ్వాళ్ళు, డబ్బాలు, గొడుగులు, మనుషులు. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎవరి తర్వాత ఎవరో అక్కడే ఉంది, ఎవరూ చెరపకుండా. ఆమెకి ధైర్యం వచ్చేసింది.

“మామ్మా! నాన్నా! అందరూ ఇలా వినండి,” అని గొంతెత్తింది. “టీవీ ఇప్పుడు నేనే ఆపుతన్నాను. కాసేపట్లో వస్తాది. ఎవరి చోట వాళ్ళుండండి. బయటికెళ్ళినవాళ్ళ వస్తువులు ఎవరూ కదపకండి. వరస పోదు.”

ఒక్కసారిగా గొడవ లేచింది. “మళ్ళీనా?” అన్నారెవరో. ఇంకెవరో లేవబోయారు. అప్పుడు లక్ష్మీనరసమ్మ గొంతు హాలంతా మోగింది. ఉప్పుమడుల్లో ఈ గట్టు మీంచి ఆ గట్టుకి కేకేసి బతికిన గొంతది.

“ఒరే, ఎవుడ్రా నెగుతన్నాడు? కూకో! గుంట సెప్పింది ఇనబడనేదేటి? తువ్వాలు మీద సెయ్యేసినోడి సెయ్యి ఇరుగుతాది!”

ఎవరూ కదల్లేదు. యమున ప్రోగ్రాంని ఆపింది. టీవీ నల్లబడింది. షాలిని కాగితాలేవీ లేకుండా బెంచీ ఆ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ పేరు అడిగి కేకేసింది. తువ్వాలు దగ్గర ఆగితే పక్కవాళ్ళే చెప్పారు, ఇది అప్పారావుది, ఇది లీలారాణిది అని. మూలనున్న నీలం గళ్ళ తువ్వాలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్ని షాలిని మడిచి కౌంటరు మీద పెట్టింది. నిలబడ్డ ముగ్గురిలో ఒకాయన హమ్మయ్య అంటూ కూర్చున్నాడు. యమున సరిచేసిన ప్రోగ్రాంని వేసి, వింటూ పేర్లు ఎక్కించింది. టీవీ వెలిగింది. అందులోని వరసా బెంచీ మీది వరసా ఒక్క పేరు తేడా లేకుండా కలిశాయి.

ఆ తర్వాత యమున కళ్ళు గీత మీదే ఉన్నాయి. ఎక్కింది. దిగింది. ఎక్కడి నుంచి ఎక్కిందో అక్కడికే దిగింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ అక్కడికే వచ్చింది. రోజూ బిగుసుకుపోయే వేళ వచ్చి, ఏ హడావిడీ లేకుండా దాటిపోయింది. లక్ష్మీనరసమ్మ పేరు టీవీ మీదికి వచ్చింది. ఆవిడకి చదువూ రాదు, ఆ మసకలో టీవీ కనబడనూ లేదు. పక్కవాళ్ళు చెబితే లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి డాక్టరు మీట నొక్కాడు. ఆవిడ పేరు వరసలోంచి పోయింది, ఆ వెంటనే లోపలి ఊడ్చేవాడు వచ్చి ఆవిడ కంటి బొమ్మల్ని ఊడ్చుకుపోయాడు. యమునకి కళ్ళు చెమర్చాయి. ఒక పేరు తెర మీంచి పోతే ఇంత సంతోషం వేస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

సాయంత్రానికి హాలు పలచబడింది. విక్టర్ వచ్చి టీవీ వంక చూశాడు, అది చక్కగా నడుస్తోంది. యమునకి నమస్కారం పెట్టి, “ఒరే ఈశ్వర్, నిచ్చెన తీసీ,” అన్నాడు.

“తీడానికి అవదు సార్,” అన్నాడు ఈశ్వర్.

“ఏం?”

“మధ్యానం నుంచీ దాని మీద ఎవురిదో సంచీ ఉన్నాది. మనిషి రాలేదు. నానెలా తీస్తాను?”

నిచ్చెన మెట్టు మీద నల్లటి ల్యాప్‌టాప్ సంచీ ఉంది. యమునదే. పొద్దున్న బెంచీ మీద పెట్టి ఆమె మరిచేపోయింది. గుమ్మం దగ్గర లక్ష్మీనరసమ్మ తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటోంది. వచ్చే నెల ఆపరేషన్‌కి రమ్మని రాసిన చీటీ కొంగున ముడి వేసి ఉంది.

“నానే ఎట్టినాను గుంటా,” అంది ఆవిడ, యమున గొంతు వినబడిన వైపు మొహం తిప్పి. “ఆ నిచ్చెనెందుకొచ్చినాదో ఇన్నాను. నీ టీవీ సోటు ఎవుడూ తియ్యకుండా ఉంచినాను. ఇంక నీ సంచీ నువ్వు తీసుకో.”